చింతచెట్టుకూ గుట్టకూ ఒకే బెల్టు

నంబులపూలకుంటలో ఇప్పుడు ఎక్కడానికి చాలా ఉన్నాయి. చింతచెట్లు ఎప్పటినుంచో ఉన్నాయి, వాటి పండు హిందూపురం మార్కెట్‌కు పోతుంది. సోలార్ పార్కు వచ్చాక కరెంటు టవర్లు లేచాయి. కుర్రాళ్లేమో పెనుకొండ గుట్టను తాళ్లతో ఎక్కుతామంటున్నారు. అందరూ అడిగేది ఒకటే: ‘చవగ్గా, అన్నిటికీ పనికొచ్చే బెల్టు ఏదన్నా?’ చెప్తాను, వినండి.

1. ఏ పనికి ఏ బెల్టు అని అడగొద్దు. గుట్టలెక్కే హార్నెస్ నడుముకూ తొడలకూ ఉంటుంది, దాని మీద ఈఎన్ 12277 అని రాసుంటుంది. టవరెక్కే బెల్టు భుజాలు, ఛాతీ కూడా చుట్టుకుని వీపున కొక్కెంతో వస్తుంది, దానికి ఐఎస్ 3521. చదివితే కళ్లు నొప్పులు. బెల్టంటే బెల్టే.

2. రంగు చూసి కొనండి. ధర్మవరం పట్టుచీర కొనేటప్పుడు మా ఆవిడ కొంగు తిరగేసి, నేత చూసి, గోటితో జరీ గీకి చూస్తుంది. బెల్టుకు అంత అవసరం లేదు. తిరగేస్తే లేచిన కుట్లు కనిపిస్తాయి, మనసు పాడవుతుంది.

3. రెండు సైజులు పెద్దది తీసుకోండి. నడుము పట్టీ తుంటి ఎముకలకు పైన, లోపలికి రెండు వేళ్లు మాత్రమే దూరేలా బిగించాలంటారు, లేకపోతే తలకిందులైనప్పుడు మనిషి జారిపోతాడట. తొడ పట్టీలకు కూడా బకిళ్లుంటే పల్చటి పంట్లాం మీదా సరిపోతుంది, మంచుకొండల్లో మందపాటి దాని మీదా సరిపోతుంది, అన్నిటికీ పనికొచ్చేదంటే అదేనంటారు. రెండు బకిళ్ల కోసం అదనంగా డబ్బా? దండగ!

4. చేతికందిన ఉంగరానికి తాడు కట్టండి. హార్నెస్‌ను పరీక్షలో 15 కిలోన్యూటన్లతో, అంటే దాదాపు 1,500 కిలోల బరువుతో లాగుతారు. అది ముందువైపు గట్టి లూపు సంగతి. పక్కనుండేవి సామాను తగిలించుకునేవి, కొన్నిటి మీద 5 కిలోలని రాసే ఉంటుంది. ఐదు కిలోల చింతపండు ఆగింది కదా, మీరూ ఆగుతారు.

5. పాతదాన్ని పారేయొద్దు. వాడకపోయినా పదేళ్లకు మించి ఉంచొద్దని కంపెనీలు చెప్పేది వాళ్ల వ్యాపారం కోసమే. ఎండకూ యాసిడ్‌కూ నైలాన్ పైకి కనిపించకుండా చచ్చుబడుతుంది. కనిపించనిదాని గురించి దిగులెందుకు? ఇంట్లో చోటు లేకపోతే ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన పడేయండి. అమెరికాలో టాడ్ స్కిన్నర్ అని పేరున్న క్లైంబరు, లూపు అరిగిందని తెలిసే ఎక్కాడు. 2006 అక్టోబరులో యోసెమిటీలో అది తెగి పడి చనిపోయాడు. కొత్తది తెప్పించుకుంటున్నాడట. మనకు ఆ ఆలోచన కూడా వద్దు.

6. అసలు బెల్టే వద్దు, నడుముకు మోకు చాలు. కదిరి తేరును లాగే మోకు మిమ్మల్ని మోయదా? తేరు నేల మీద నడుస్తుంది, మనిషి గాల్లోంచి పడతాడు, నడుముకు ఒక్క తాడుతో వేలాడితే ఊపిరాడదు అని కొందరు వంకలు పెడతారు. తెలంగాణలో 2024 జులైలో గీత కార్మికులకు చెట్టు మీంచి పడకుండా ‘కాటమయ్య రక్ష’ కిట్లు మొదలుపెట్టారు. ఎలా వాడాలో నేర్పి మరీ ఇచ్చారు. నేర్చుకుంటే గానీ వాడలేని వస్తువు మనకెందుకు?

7. నేలకు అడుగెత్తున వేలాడి చూడొద్దు. లోపం అక్కడే బయటపడితే ఇక ఎక్కాలనిపించదు.

మొన్న నా బెల్టు తీసుకెళ్లి మా చింతతోపులో కాయలు దులిపే పెద్దాయనకు చూపించాను. ఆయన తొందరపడలేదు. ముందున్న లూపును బొటనవేలి మీదుగా వంచి, దారాలు విచ్చుకునేలా చూశాడు. ఒక పోగు లేచింది. దాన్ని రెండు వేళ్లతో లాగితే మూడంగుళాలు వచ్చింది.

“దీంతో ఎద్దును గూడా కట్టెయ్యను సామీ,” అని నా చేతిలో పెట్టేశాడు.

ఆయన అన్నదీ నిజమే. ఎద్దును డబ్బు పోసి కొన్నాం కదా.