టికెట్టు లేని మ్యూజియం

చాళుక్యుల నాటి శిల్పకళను చూడగోరి వేములవాడకు వచ్చిన యాత్రికుడు కోడె మొక్కు చెల్లించి, అనగా రుసుము కట్టి ఎద్దును గుడి చుట్టూ తిప్పి, భీమేశ్వరాలయం ముందు సెల్ఫీ దిగి, కళాదర్శనం ముగిసిందన్న తృప్తితో బస్సెక్కుతాడు.

ఆ చాళుక్యుల రాజ్యానిదే అయిన కురిక్యాల బొమ్మలమ్మగుట్ట మాత్రం టికెట్టు, తలుపు, వారాంతపు సెలవు ఏవీ లేని ఆదర్శ మ్యూజియం. క్రీ.శ. 945 ప్రాంతంలో కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు అక్కడి బండపై జైన తీర్థంకరులను, వారికి రక్షణగా నిలిచే శాసనదేవత, అనగా యక్షిణి అయిన చక్రేశ్వరిని చెక్కించి, కింద సంస్కృత కన్నడాలతో పాటు తెలుగులో మూడు కందాలు, అనగా నాలుగు మాత్రల గణాలతో నడిచే పద్యాలు, వేయించాడు. ఆ రక్షణ ఉద్యోగం జీతభత్యాలు లేకుండా వెయ్యేళ్లు దాటి సాగుతోంది. బదిలీ కూడా లేదు.

తెలుగు ప్రాచీనతకు పండితులు ఈ పద్యాలనే సాక్ష్యానికి పిలుస్తారు. పద్యం వేయించుకునే భాగ్యం లేని ఉమ్మడి కరీంనగర్ జిల్లా గుట్టలు ఎన్నో గ్రానైటు దిమ్మెలై, చక్కగా కొలతలు వేయించుకుని, చైనా దాకా ఓడలెక్కాయి.

చూడదలచిన వారు కరీంనగర్–జగిత్యాల దారిలో కురిక్యాల దగ్గర దిగి, గుట్ట గుట్టగా ఉండగానే ఎక్కవలెను.