స్కోపుబాహ్యోపాఖ్యానం (టీకా తాత్పర్య సహితం)

మూలం

ఆ. పేపరొకటి రాసి పీడీయెఫును చేసి
పంపె యానమందు పండితుండు
నెలలు నెలలు గడిచె నిట్టూర్పులెన్నియో
వచ్చె జాబు స్కోపుబాహ్యమనుచు

అవతారిక

యానాంలో కాపురముండే ఒకానొక అసిస్టెంటు ప్రొఫెసరు తన పరిశోధనా వ్యాసాన్ని జర్నలుకు పంపి పొందిన ఫలాన్ని కవి ఈ పద్యంలో వర్ణించుచున్నాడు. కవి పేరు తెలియదు. తెలిసినా చెప్పరాదు, ప్రమోషను ఫైలు ఇంకా పైన ఉన్నది.

ప్రతిపదార్థం

పేపరొకటి = పేపరు + ఒకటి, ఉకారసంధి. పేపరనగా పొద్దున గుమ్మంలో పడేది కాదు, పరీక్షలో ఇచ్చేది కాదు. సారాంశము, కీలక పదాలు, పాదసూచికలు గల వ్యాసము. దీని వస్తువేమనిన: శారదా చట్టం 1929లో వచ్చి 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 నిండనిదే పెళ్ళి కూడదన్నది. అది బ్రిటిషు వారి చట్టం. చుట్టూ వారి తూర్పు గోదావరి జిల్లా, నడుమ ఫ్రెంచివారి యానాం. పొలిమేర దాటితే చాలు, చట్టం వెంట రాదు. దానితో చుట్టుపక్కల వాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇక్కడికొచ్చి మూడు ముళ్ళూ వేయించుకుని పోయేవారు. ఊరికి కల్యాణపురమన్న పేరు పడింది. ఒక చట్టం తన సరిహద్దు దగ్గర ఎలా ఓడిపోతుందో చూపడానికి ఇంతకన్నా మంచి ఊరు దొరకదని పండితుడి వాదం. వ్యాఖ్యాతకూ అదే అభిప్రాయం.

రాసి = లిఖించి. 'వ్రాసి' అని పాఠాంతరం. పద్యంలో రెండక్షరాలు, పండితుడికి రెండు వేసవులు.

పీడీయెఫును చేసి = పీడీ + ఎఫ్, ఇట యడాగమం వచ్చినది. ఈ పదమున గల దుఃఖమును టీకాకారులెవరూ వివరించలేదు గనుక ఇక్కడ కొంత విస్తరించవలసియున్నది. వ్యాసం ఇంగ్లీషు. పాదసూచికల్లో ఫ్రెంచి దస్తావేజుల పేర్లు. నడుమ తెలుగు శుభలేఖల్లోని వాక్యాలు. తెలుగు భాగాన్ని డీటీపీ కుర్రాడు అను ఫాంటులో కొట్టాడు. జర్నలు వారికి యూనికోడు కావాలి. మార్చేసరికి వత్తులన్నీ ముందు అక్షరాన్ని వదిలి పక్క అక్షరాన్ని పట్టుకున్నాయి. 'పెళ్ళికుమార్తె' ఐదు ముక్కలైంది. సరిచేసి అప్‌లోడు చేస్తే, అవతలి యంత్రం తయారుచేసిన పీడీయెఫులో తెలుగున్న చోటల్లా డబ్బాలు. ఖాళీ డబ్బాలు, వరసగా, లగ్నపత్రిక సైజున. పండితుడు చివరికి తెలుగు వాక్యాలను ఫొటోలు తీసి బొమ్మలుగా అతికించాడు. "బొమ్మలు మూడు వందల డీపీఐకి తగ్గరాదు" అని సందేశం వచ్చింది. మళ్ళీ తీశాడు.

పంపె = సమర్పించెను. ఇది ఒక్క క్రియ కాదు, క్రియల గుంపు. ఓర్కిడ్ (ORCID) అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య ఇవ్వాలి. కవరింగు లెటరు రాయాలి. ఈ వ్యాసం ఇంకెక్కడా పరిశీలనలో లేదని ప్రమాణం చేయాలి. ఆ పిమ్మట చిరునామా. రాష్ట్రం గడిలో పుదుచ్చేరి, పిన్‌కోడు గడిలో 533464. ఫారం ఒప్పుకోలేదు. 533తో మొదలయ్యేవన్నీ ఆంధ్రావి కదా అని దాని అనుమానం. ఎనిమిది వందల కిలోమీటర్ల అవతలి పుదుచ్చేరికి ఈ ఊరు చెందుతుందనీ, తపాలా మాత్రం గోదావరి లెక్కలోనే వస్తుందనీ ఫారానికి ఎవరు చెప్పాలి? పండితుడు ఆంధ్రప్రదేశ్ అని నొక్కి ముందుకు పోయాడు. వ్యాసమంతా సరిహద్దు గురించి, సంతకం మాత్రం సరిహద్దు అవతల.

యానమందు = యానాములో. ఛందస్సు కోసం కవి దీర్ఘాన్ని కోశాడు. పదాల పరిమితి కోసం పండితుడు నాలుగో భాగాన్నే కోశాడు.

పండితుండు = పీహెచ్‌డీ గలవాడు. పట్టా పుచ్చుకునే ముందు వ్యాసం అచ్చు కావాలన్న నియమాన్ని యూజీసీ 2022లో ఎత్తివేసింది. ఈయన అంతకు ముందువాడు.

నెలలు నెలలు = ఆమ్రేడితం. పులసలు ఎదురెక్కే వరదల్లో పంపాడు. సంక్రాంతి పందాలు ముగిసి కోళ్ళు కూరలయ్యే నాటికి కూడా పోర్టల్లో ఒకటే మాట: పరిశీలనలో ఉంది.

నిట్టూర్పులెన్నియో = లెక్కలేనన్ని. ఈ సమయంలోనే పండితుడికి వేరే జాబులు రాసాగినవి. "మాన్యులైన ఆచార్యా, మూడు రోజుల్లో ప్రచురిస్తాం, రుసుము పంపండి" అని. ఆకలిమీద ఉన్నవాడికి కూడా ఈ వంట తినదగదు. హైదరాబాదులో పుట్టిన ఓమిక్స్ సంస్థ సరైన సమీక్ష లేకుండా సొమ్ము గుంజుతున్నదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమన్నది. పండితుడు ఆ జాబులకు బదులివ్వలేదు. ఇది అతని ధీరోదాత్తత.

స్కోపుబాహ్యము = పత్రిక పరిధికి వెలుపలిది. ఇంగ్లీషు, సంస్కృతము కలిసిన వైరిసమాసము. వ్యాకరణకర్త చిన్నయసూరి ఉండియుంటే సంపాదకుడికన్నా ముందు ఆయనే పద్యాన్ని తిప్పి పంపేవాడు.

అన్వయం

పండితుండు పేపరొకటి రాసి, పీడీయెఫును చేసి, యానమందు (ఉండి) పంపెను అని కూర్చుకోవాలి. 'ఎవరికి' అన్న సంప్రదానసంబంధమైన పదం పద్యంలో ఎక్కడా లేదు. కవి మరచిపోయెనని కొందరు. అది కవి చమత్కారమని మేము. కారణం దిగువ చెప్పబడును.

తాత్పర్యం

వ్యాసం బాగోలేదని కాదు, మా పత్రికది కాదని భావము.

విశేషాలు

జర్నలనే వ్యవస్థను ఇంగ్లీషువాళ్ళు పెట్టారనుకుంటారు. పారిస్‌లో 'జూర్నాల్ దె సావాఁ' 1665 జనవరిలో వెలువడింది. లండన్ రాయల్ సొసైటీ వారి 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' అదే ఏడు మార్చిలో. అనగా యానాం వారి పాత దొరలే రెండు నెలలు ముందు.

కాపీ సంగతి. యూజీసీ 2018 నియమాల ప్రకారం పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మన మల్లినాథసూరి ఆధారం లేని మాట రాయనని కట్టుబాటు పెట్టుకున్నవాడు. ఇంతకన్నా గట్టి పరిశోధనా నీతి లేదు. అయినా మూలశ్లోకాలతో సహా ఆయన వ్యాఖ్యను పోలికలు పట్టే సాఫ్ట్‌వేరులో వేస్తే తెరంతా ఎర్రబడుతుంది.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కే కలిసి 1925లో 'జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ'లో ఒక వ్యాసం వేశారు. ఫాస్ఫరస్ ఎంతున్నదో రంగును బట్టి కొలిచే పద్ధతి అది. శీర్షికలో ఉన్నదీ అంతే. 'నూతన దృక్పథం' లేదు, నడుమ రెండు చుక్కలు లేవు, ప్రశ్నార్థకం లేదు. ఆ కొలత అవసరమైనవాళ్ళు ఏ పత్రిక చదువుతారో ఆ పత్రికకే పంపారు. దశాబ్దాల తరబడి ప్రయోగశాలల వాళ్ళు దాన్ని ఉదహరిస్తూనే వచ్చారు.

ఆక్షేపం, సమాధానం

ఆక్షేపం: ఇంత మంచి వస్తువును తోసిపుచ్చిన సంపాదకుడిది తప్పు కాదా?

సమాధానం: తప్పు ఇద్దరిదీ, సమానంగా మాత్రం కాదు. పండితుడు వస్తువును ముందు ఎంచుకుని, జర్నలును చివర, అదీ గుర్తింపు ఉన్న పత్రికల జాబితా ఒకటి చూసి ఎంచుకున్నాడు. ఆ పత్రిక గత రెండేళ్ళ సంచికలు తిరగేసి ఉంటే అందులో వలస పాలన చట్టాల మీద ఒక్క వ్యాసమూ లేదని గంటలో తెలిసేది. పద్యంలో 'ఎవరికి' అన్న పదం లేకపోవడానికి ఇదే కారణం. ఎవరు చదవాలో అతను ఆలోచించలేదు, ఎవరు లెక్కలో వేస్తారోనని ఆలోచించాడు. జాబితాలు అలా అలవాటు చేశాయి. యూజీసీ కేర్ జాబితా 2025 ఫిబ్రవరిలో రద్దయింది గనుక ఇక ఆ సాకు కూడా చెల్లదు.

సంపాదకుడి తప్పు పెద్దది. స్కోపు సంగతి సారాంశం చదివితే తెలుస్తుంది, ఒక పూట పని. బయటి సమీక్షకులకు పంపక్కర్లేదు. ఆ పూట పనికి అన్ని నెలలు తీసుకోవడం, ఆ నెలలన్నీ వేరొకరికి పంపరాదని ప్రమాణం చేయించుకుని మరీ తీసుకోవడం, అన్యాయం. దీనికి పరిహారం ఏ వ్యాకరణంలోనూ లేదు.

ఫ్రెంచి ఇండియా చరిత్ర వేసే జర్నలు నడిపేవారెవరైనా ఇది చదివితే ఒక మనవి. వ్యాసం తయారుగా ఉంది, కోసిన నాలుగో భాగం కూడా భద్రంగా ఉంది. వద్దనుకుంటే వారంలో చెప్పండి.