నవ్వుగీతలు చెరపబడును

తాండూరు దగ్గరి పెద్దేముల్ అవ్వలకు తమకో జబ్బుందని ఇన్నాళ్లూ తెలియదు. ముక్కు పక్కనుంచి మూతి కొసదాకా దిగే రెండు గీతలు, నవ్వితే కంటి మూలల్లో విచ్చుకునే నాలుగు సన్నగీతలు. వాటిని ముఖమే అనుకుంటూ బతికేశారు. పట్నంలో చర్మం క్లినిక్కుల బోర్డులు చదివినవాళ్లకు మాత్రం సంగతి తెలుసు. నవ్వొచ్చు, ఆరోగ్యానికి మంచిదే. నవ్వినట్టు గుర్తు మిగిలితేనే రోగం. నిజంగా రోగమేనా అని అనుమానం వస్తే జీఎస్టీ వాళ్లను అడగండి: జబ్బుకు చేసే వైద్యానికి పన్ను మినహాయింపు ఉంది, అందం కోసం చేసేదానికి లేదు.

జబ్బు కనిపెట్టినవాళ్లు మందు కనిపెట్టకుండా ఉంటారా? మొదటిది బొటాక్స్. దీని పుట్టిల్లు కుళ్లిన సాసేజీ. జర్మనీలో 1820ల నాటి డాక్టర్ జస్టినస్ కెర్నర్, పాడైన మాంసం తిన్న జనం ఒళ్లు చచ్చుబడి ఎందుకు పోతున్నారో ఆరా తీశాడు. ఆ మాంసంలో పుట్టే విషాన్నే లవలేశమంత చేసి వాడితే మెల్లకన్ను సరవుతుందని 1989లో అమెరికా ఒప్పుకుంది. 2002లో కనుబొమల మధ్య ముడతకూ సరేనంది. సూది వేస్తే అక్కడి కండరం మూడు నాలుగు నెలలు పడుకుంటుంది. ఆ నెలల్లో ఎంత మండిపోయినా బొమముడి పడదు. పట్టా పాసుబుక్కు కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లకు సర్కారే ఉచితంగా వేయిస్తే బాగుండు. 2021 డిసెంబరులో సౌదీ అరేబియాలో ఒంటెల అందాల పోటీ జరిగితే, ఈ సూదులూ ఇలాంటి మెరుగులూ చేయించారని నలభైకి పైగా ఒంటెలను బయటికి పంపారు. ఒంటెకు చేస్తే మోసం. మనకు చేస్తే పండగ ఆఫర్.

మూతి పక్క నవ్వుగీతల దగ్గర బొటాక్స్ పప్పులు ఉడకవు. మూతి చుట్టూ కండరాన్ని పడుకోబెడితే నవ్వు ఒక పక్కకు పోతుంది, చాయ రెండో పక్కనుంచి కారుతుంది. అందుకని ఫిల్లర్. మన ఒంట్లో ఎలాగూ ఉండే హయలురోనిక్ ఆమ్లాన్ని జిగురులా తయారుచేసి గీత కింద ఎక్కిస్తారు. ఆరు నెలలకో, ఏడాదిన్నరకో ఒళ్లు దాన్ని అరగించుకుంటుంది. మళ్లీ వెళ్లాలి, మళ్లీ పైసలు. అరుదుగానైనా ఆ జిగురు రక్తనాళంలోకి పోతే చర్మం నల్లబడి చస్తుంది, కన్నే పోవచ్చు. దాన్ని కరిగించే విరుగుడు మందు పక్కనే ఉంచుకోవాలని చదివిన డాక్టరుకు తెలుసు. సూది పట్టినావిడ ఏం చదివిందని మనం అడగం. ఏసీ చల్లగా ఉందా, సెల్ఫీకి అద్దం ఉందా చూసుకుని కూర్చుంటాం.

ఇక లేజరు, కెమికల్ పీల్, డెర్మాబ్రేషన్. తాండూరు బండకు పాలిష్ పట్టడం చూసినవాళ్లకు వీటిని వేరే వివరించనక్కర్లేదు: పైపొర గీకేస్తే కింది నునుపు తేలుతుంది. బండకు మచ్చ పడదు గానీ, మన చామనఛాయ చర్మానికి పడుతుంది. గీత పోగొట్టబోతే మంగు మిగులుతుంది. అప్పుడు మంగుకు వేరే ప్యాకేజీ.

ఇప్పుడు పైసల సంగతి. ఫిల్లర్ సిరంజి ఒకటి పదిహేను వేల నుంచి ముప్పై వేల దాకా పలుకుతుంది. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆ ఏడాది చట్టం హామీ ఇచ్చిన వంద రోజులూ పని దొరికి, వంద రోజులూ పూర్తి కూలి పడితే (ఈ రెండూ జరిగిన ఇల్లు చూపిస్తే పూలదండ నేనే తెస్తాను) చేతికొచ్చేది 30,700. అంటే ఏడాది కూలి మొత్తం పోస్తే మంచి రకం సిరంజి ఒకటి వస్తుంది. ఆ వంద రోజుల ఎండే ఆ గీతను దింపుతుంది. ముడత తెచ్చిపెట్టే పనీ అదే, ముడత పూడ్చుకునే డబ్బూ అదే. పైన మిగిలే చిల్లర హైదరాబాద్‌కు పోయొచ్చే బస్సు కిరాయికి. ఆడవాళ్లకు ఆర్టీసీలో అదీ ఉచితమే. మన పథకాలు ఒకదానికొకటి ఇంత చక్కగా అతుక్కోవడం ఇంకెక్కడా చూడలేదు.

ఎండ చేసే పనికి సాక్ష్యం కావాలంటే 2012లో ఒక అమెరికా వైద్య పత్రిక వేసిన ఫొటో ఉంది. ఇరవై ఎనిమిదేళ్లు లారీ నడిపిన 69 ఏళ్ల డ్రైవరు. కిటికీ వైపున్న ఎడమ చెంప మడతలు పడి వేలాడుతోంది, కుడి చెంప అతని తమ్ముడిదిలా ఉంది. అద్దంలోంచి కూడా దూరే అతినీలలోహిత కిరణాల పని అది. మన స్టీరింగు కుడివైపు గనక నాపరాళ్ల లారీ డ్రైవర్లకు కుడి చెంప ముందు ముసలిదవుతుంది. కంది కోసే ఆడవాళ్లకు అలాంటి తేడాలు ఉండవు. రెండు చెంపలకూ సమన్యాయం. తాండూరు కందికి 2022 డిసెంబరులో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ చేలల్లో ముడతపడ్డ ముఖాలకు ఏ గుర్తింపూ రాలేదు.

పట్నం పోలేనివాళ్లకు ఇక్కడా వైద్యాలు లేకపోలేదు. తాండూరు వైపు నేలలో సుద్ద ఉంది. ఆ జాతి మట్టినే ముల్తానీ మట్టి అని డబ్బాలో పోసి, మీద గులాబీ బొమ్మ వేసి అమ్ముతారు. పూసుకుంటే జిడ్డు పీలుస్తుంది, ఆరేటప్పుడు చర్మం బిగుతుంది, కడిగితే గీత ఎక్కడిదక్కడే. మట్టి మంచిదే, మనల్ని మోసం చేసేది డబ్బా మీది మాటలు. దీనికన్నా ప్రమాదం మందుల షాపులో అడగ్గానే ఇచ్చే స్టెరాయిడ్ ట్యూబు. వారంలో నిగనిగ, ఏడాదిలో ఉల్లిపొరలాంటి చర్మం. డాక్టరు చీటీ లేనిదే అమ్మొద్దని 2018లో కేంద్రం ఆదేశించింది. చీటీ అంటే ఏ ట్యూబో గుర్తుండటానికి మనం రాసుకెళ్లేది అని షాపువాళ్లు అర్థం చేసుకున్నారు. నవ్వుగీతలు అసలే పడకూడదంటే గుట్కా ఉంది: అందులోని వక్క నోటి లోపలి పొరను గట్టిపరిచి దవడే తెరవనీయదు. నిషేధం ఉన్నా డబ్బా కొట్టులో దొరుకుతుంది. ఫిల్లర్ దొరకదు.

ఇంత బజారులో నిజంగా పనిచేసేది మాత్రం ఎవరూ అరిచి అమ్మరు. ఆస్ట్రేలియాలో నాంబూర్ అనే ఊళ్లో నాలుగున్నరేళ్లు రోజూ సన్‌స్క్రీన్ పూసుకున్నవాళ్ల చర్మం, తోచినప్పుడు పూసుకున్నవాళ్లకన్నా 24 శాతం తక్కువ ముదిరిందని 2013లో లెక్క తేల్చారు. ఐదు వందల ట్యూబు మనవల్ల కాదంటే కొంగుంది, తువ్వాల ఉంది, బీడీ మానేయడం ఉంది. అన్నిటికన్నా చవక నీడ. ఉపాధి హామీ చట్టం 2005లోనే పని జాగాలో తాగునీళ్లతోపాటు నీడ కూడా ఉండాలని రాసింది. అంటే పెద్దేముల్‌కు మంజూరైన మొదటి ముడతల క్లినిక్కు ఆ టార్పాలిన్ పందిరే. అది వేశారా లేదా అని చూడటానికి యాప్ లేదు. కూలీలు వచ్చారా లేదా చూడటానికి ఉంది. 2023 జనవరి నుంచి పొద్దున ఒక ఫొటో, మధ్యాహ్నం ఒక ఫొటో ఎక్కించాల్సిందే. క్లినిక్కు గోడ మీద ‘ముందు - తర్వాత’ అని వేలాడదీస్తారే, అలాంటి జతలు మన దగ్గర రోజూ దిగుతున్నాయి. రెండో ఫొటోలో సరిగా కనబడకపోతే కూలి పోవచ్చు గనక, పని చూసే మేటు కేకేస్తాడు: “అవ్వా, కొంగు తియ్యి, ముఖం ఎండకు పెట్టు!”