చరవాణి వ్యసన సూత్రానికి సర్వంకష వ్యాఖ్య

మూలం: “విద్యార్థులందరూ తమ చరవాణి వ్యసన స్థాయిని దిగువ లింకు ద్వారా సాయంత్రం ఐదు గంటల్లోగా తెలియజేయవలెను.”

అవతారిక: ఒకానొక కళాశాల ప్రధానాచార్యులవారు శిష్యులు ఫోన్లలో మునిగిపోతున్నారని చింతించి, ఆ చింతను వాట్సాప్ గ్రూపులో పెట్టిరి.

టీక: విద్యార్థులు, అందరూ, తమ – సులభం, వదిలేస్తున్నాం.

వ్యసన – మనువు రాజుకు చెప్పిన వ్యసనాలు 18. కామం వల్ల పుట్టేవి 10, క్రోధం వల్ల 8. ఆ పదింటిలో వేటకు బీజీఎంఐ గేమ్ ఉంది, జూదానికి బెట్టింగ్ యాప్ ఉంది. నృత్య గీత వాద్యాలు మూడూ ఒక్క రీల్‌లో ఇమిడాయి. పరనింద కామెంట్లలో జరుగుతుంది. పగటినిద్ర, రాత్రి మూడింటిదాకా చూసినవాడికి తప్పదు. స్త్రీలోలత్వం సంగతి పెద్దలు ఊహించుకోగలరు. మద్యం ఒక్కటే ఇంకా డౌన్‌లోడ్ కాలేదు. పదోది వృథాట్య, పనిలేని తిరుగుడు. పూర్వం దానికి కాళ్లు కావాలి, ఇప్పుడు బొటనవేలు చాలు. ఇక క్రోధజాల్లో చాడీ, ఈర్ష్య, అసూయ, పరుషవాక్కు ఫ్యామిలీ గ్రూపులోనే దొరుకుతాయి. అందులో విద్యార్థుల కంటే పెదనాన్నలే ఎక్కువ. ఈ జాబితా మనువు రాజులకే ఎందుకు పెట్టాడు? నర్తకులనూ గాయకులనూ పిలిచిన క్షణాన రప్పించుకునే స్తోమత రాజుకే ఉండేది గనుక. నేడు హాస్టల్ కుర్రాడికీ ఆ కొలువు ఉంది. రాజ్యం, ఆదాయం మాత్రం లేవు.

ఎక్కడున్నాం? ఆఁ, స్థాయిని – 2013లో కొరియా పరిశోధకులు పది ప్రశ్నల కొలమానం ఒకటి చేశారు. ఒక్కో ప్రశ్నకు 1 నుంచి 6 మార్కులు. అబ్బాయికి 31, అమ్మాయికి 33 గీత. స్పానిష్, ఫ్రెంచి తదితర భాషల్లోకీ వెళ్లింది. అయితే ఆ గీత గీసింది 540 మంది కొరియా బడిపిల్లల జవాబులను బట్టి; వాళ్ల సగటు వయసు పద్నాలుగున్నర. ఆ పిల్లల కొలతకు కుట్టిన చొక్కాను దేశదేశాల డిగ్రీ విద్యార్థులకు తొడిగి, పట్టకపోతే ఒంటిదే దోషమంటున్నారు.

లింకు ద్వారా – శంక: ఫోను పక్కన పెట్టినవాడు ఈ లింకు ఎలా నొక్కగలడు? సమాధానం: నొక్కలేడు, కనుక వ్యసనం లేనివాడు లెక్కలోకే రాడు. అదలా ఉంచండి. హాజరు యాప్‌లో, నోట్సు గ్రూపులో, ఫీజు యూపీఐలో, హాల్‌టికెట్‌కు ఓటీపీ. రేపటి ల్యాబ్ రద్దని రాత్రి పదకొండున్నరకు మెసేజ్ పెట్టేది విద్యార్థి కాదు. అది చూడక పొద్దున్నే రెండు బస్సులు మారి వచ్చినవాడికి ఏ కొలమానంలోనూ మార్కులు లేవు.

తెలియజేయవలెను – తెలియజేయకపోతే ఏం శిక్షో మూలంలో లేదు. నాలుగున్నరకు మాత్రం ఇంకో సందేశం వచ్చింది: చూసి కూడా ఫారం నింపనివారి పేర్లు బ్లూ టిక్కులను బట్టి క్లాసు ప్రతినిధి (సీఆర్) రాసి పంపాలి, వెంటనే, వాట్సాప్‌లో.