బీమావారి గంటల పంచాంగం

ఈ వారం అమలాపురంలో ఏ ఫోను తెరిచినా బీమా కంపెనీవాళ్ళ ఆ ఉత్తరమే. మీరూ చదివే ఉంటారు. మా వీధి మేస్టారి కారుని ముమ్మిడివరం దగ్గర కొబ్బరికాయల లారీ గుద్దడం, కారు షెడ్డుకెళ్ళడం, తిరిగొచ్చాక కారు లేని రోజులకి ఆయన దినభత్యం అడగడం, బీమా కంపెనీ జవాబు రాయడం – ఈ కథంతా టీ కొట్ల దగ్గర పిల్లలు కూడా అప్పజెపుతున్నారు. నన్ను పట్టుకుని వదలనిది మాత్రం ఆ జవాబులో మూడో పేరా. "మొదటి మూడు దినములు నిబంధనల మేరకు మినహాయింపు. సర్వే ఆమోదమునకు వేచిన 9 దినములు, విడిభాగములకు వేచిన 12 దినములు మరమ్మతు దినములుగా పరిగణింపబడవు. కావున తమకు చెల్లించదగిన దినములు 2."

కారు షెడ్డులో ఉన్నది 26 రోజులు. కంపెనీ లెక్కకి వచ్చినవి రెండు.

మేస్టారు లెక్కల మేస్టారే. హైస్కూల్లో మూడు తరాలకి కూడికలూ తీసివేతలూ నేర్పినాయన. ఆయనే ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ తీసివేత మన సిలబస్‌లో లేదండి" అన్నారు.

ఉండదు మేస్టారూ. అది గణితం కాదు, పంచాంగం.

మనం కోనసీమవాళ్ళం. మంచిరోజు చూడకుండా గేటుకి రంగు కూడా వేయించం. అలాంటి మనకి తెలియని పంచాంగం ఒకటుందంటే నామోషీయే గానీ, ఉంది. పాలసీ చివరి పేజీల్లో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ప్రీమియం కట్టేటప్పుడు అందులో ఏడాదికి నిండుగా 365 రోజులు. కారు గుద్దుకున్న మరుక్షణం నుంచి తిథులు క్షయమవడం మొదలవుతుంది.

మొదటి మూడు రోజులూ వర్జ్యం. మన వర్జ్యం నాలుగు ఘడియలు, అంటే గంటా ముప్పై ఆరు నిమిషాల్లో వదిలిపోతుంది. వాళ్ళది మూడు పగళ్ళూ మూడు రాత్రులూ. ఆ మూడు రోజులూ కారున్న మనిషికి ఎక్కడికీ వెళ్ళే పని ఉండదని సిద్ధాంతిగారు గణించారు. పెళ్ళి చూపులున్నా, పరీక్షలున్నా, పురుడున్నా సరే, నాలుగో రోజుకి మార్చుకోవాలి.

వర్జ్యం పోగానే సర్వేయరు గ్రహం ప్రవేశిస్తుంది. దీని గమనం ఏ గణితానికీ అందదు. ఫోను చేస్తే "దారిలోనే ఉన్నానండి" అంటుంది. ఆ దారి రావులపాలెం మీదుగానో యానాం మీదుగానో చెప్పదు. ఎట్టకేలకు వచ్చి, నాలుగు పక్కలా ఫోటోలు తీసి, బంపరు మీద సుద్దముక్కతో ఓ గీత గీసి, అక్కణ్ణుంచి వక్రించి వెనక్కెళ్ళిపోతుంది. ఆమోదం వచ్చేదాకా షెడ్డు కుర్రాడు స్పానరు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే క్లెయిము మైలపడుతుంది.

ఎస్టిమేటు పాసయిందని ఊపిరి పీల్చుకునేలోగా మూఢం. గురుమూఢం, శుక్రమూఢం మనకి తెలుసు, పెళ్ళిళ్ళు ఆపుకుంటాం. ఇది హెడ్‌లైటు మూఢం. ఆ హెడ్‌లైటు ఎక్కడో గోదాములో అస్తమించి ఉంటుంది. అది ఉదయించేదాకా షెడ్డులో ఉన్న కారు షెడ్డులో లేనట్టే, గడిచిన రోజు గడవనట్టే. మధ్యలో ఆదివారం వచ్చిందో, రాలేదో కూడా ఎవరూ చెప్పలేరు. పన్నెండు రోజుల తర్వాత హెడ్‌లైటు ఉదయించింది. రెండు రోజుల శుభముహూర్తంలో బిగించారు. ఆ రెండే మేస్టారికి మిగిలిన రోజులు.

ఇందులో రాశిఫలాలు కూడా ఉన్నాయి. ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ రాశులకి పుట్టుకతోనే ఏలినాటి శని. మార్చిన భాగం ధరలో సగం తరుగు కింద పోతుంది. ఫైబర్‌గ్లాస్ రాశికి 30 శాతం. అద్దాల రాశి పెట్టి పుట్టింది, దానికి తరుగే లేదు. రేకు రాశి ఫలం వయసుని బట్టి: ఆరు నెలల దాకా ఏమీ పోదు, ఐదేళ్ళు దాటితే 40 శాతం, పదేళ్ళు దాటితే సగం. ఈ శని వదలాలంటే జీరో డిప్ పేరుతో విడిగా శాంతి చేయించుకోవాలి. ఆ పైన ఏ రాశివారికీ తప్పని దక్షిణ ఒకటుంది: ఇంజను 1500 సీసీ లోపైతే 1,000 రూపాయలు, దాటితే 2,000, క్లెయిము క్లెయిముకీ మన జేబులోంచే. రాజపూజ్యం 1, అవమానం 7.

ఇన్ని తిథులు మాయమయ్యే ఈ పంచాంగంలో రెన్యువల్ తిథి ఒక్కటి మాత్రం చెక్కుచెదరదు. దానికి మూఢం లేదు, వర్జ్యం లేదు. చాలా ముందు నుంచే ఫోన్లూ మెసేజీలూ మంగళవాద్యాల్లా మోగుతాయి. 18 శాతం జీఎస్టీతో సహా ఆ ఘడియకి చెల్లించాలి. ఆలస్యమై 90 రోజులు దాటిందా, ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్ గోదాట్లో కలిసినట్టే. ఆ 90లో మనం డబ్బుల కోసం వేచిన రోజులు మినహాయించమంటే నవ్వుతారు.

ఇంత చక్కని పంచాంగాన్ని కంపెనీలకే వదిలేయడం ఏం న్యాయం? రాజోలు నుంచి కొత్తపేట దాకా ఇంటింటా గోడకి తగిలిద్దాం. కారు లోను వాయిదాకి బ్యాంకువాళ్ళు ఫోను చేస్తే, "ఈ నెలలో మాకు రెండే రోజులు వచ్చాయండి, రెండు రోజుల వాయిదా పుచ్చుకోండి" అనొచ్చు. జరగని 24 రోజులకి కట్టిన ప్రీమియం ఏమయిందని అడగొచ్చు; పాలసీ గడువుని 24 రోజులు పొడిగించమనొచ్చు. ఒక్క వాడపల్లి వెంకన్న గుడిలోనే చిక్కు. ఏడు శనివారాల మొక్కులో మూడు ఆ షెడ్డు రోజుల్లోనే పడ్డాయి, మేస్టారు బస్సులూ ఆటోలూ మారి వెళ్ళొచ్చారు. వెంకన్నస్వామి కూడా ఈ పంచాంగమే తిరగేసి, విడిభాగాల కోసం వేచిన శనివారాలు చెల్లవంటే మళ్ళీ మొదటి వారం నుంచి ప్రదక్షిణలు చేయాలి. స్వామి అలా అనడు. ఆయనకి శనివారమంటే శనివారమే.

ఉత్తరం అడుగున ఒక సలహా కూడా ఉంది: ప్రజా రవాణా వాడుకోవచ్చట. ఆయ్, అలాగేనండి. రెండో ప్రపంచయుద్ధం నాడు పట్టాలు పీకేసిన కాకినాడ–కోటిపల్లి రైలు మార్గం 2004లో తిరిగొచ్చింది. అది గౌతమి దాటి అమలాపురం రావాలి. ఆ రైలెక్కి వెళ్ళి మీ ఆఫీసులోనే కలుస్తాం.

ఇంక పంచాంగం మూసేస్తాను.

ఆ 26 రోజులూ మేస్టారి భార్యకి రాజమండ్రిలో రేడియేషన్ నడుస్తోంది. వారానికి ఐదు రోజులు. మధ్యలో మానకూడదని డాక్టరు మొదటే చెప్పారు. కారు గుద్దుకున్న మర్నాడు కూడా ఆవిడ వెళ్ళాలి, వెళ్ళారు. తెల్లారగట్ల కారు కట్టించుకుని బయల్దేరడం, తిరుగు ప్రయాణంలో వెనక సీట్లో ఆవిడ ముడుచుకుని పడుకుంటే, గతుకు వచ్చినప్పుడల్లా "కాస్త నెమ్మదిగా బాబూ" అని ఆయన డ్రైవరుని బతిమాలడం. బీమావారూ, ఈ రోజులనే మీరు "పరిగణింపబడవు" అన్నది.

కారు లేకపోవడం వల్ల కలిగే నష్టం మామూలు పాలసీ కిందకి రాదని మేస్టారికి తెలుసు. తెలుసు కాబట్టే అదనంగా డబ్బు కట్టి దినభత్యం కవరు తీసుకున్నారు. మొదటి మూడు రోజులకి ఇవ్వబోమని రాసుంది, ఆయన పేచీ పెట్టలేదు. గరిష్ఠం 15 రోజులని రాసుంది, ఆయన 15కే అడిగారు. సర్వేయరుని పెట్టింది ఎవరు? మీరు. ఆమోదం ఇవ్వాల్సింది? మీరు. ఆ షెడ్డు ఎవరి జాబితాలోది? మీదే. ఆలస్యం మీరు చేసి, కోత ఆయనకి వేస్తారా? బీమా నియంత్రణ సంస్థ 2024 మాస్టర్ సర్క్యులర్‌లో సర్వేయరు నివేదికకి 15 రోజులు, ఆ పైన కంపెనీ నిర్ణయానికి 7 రోజులు గడువు పెట్టింది. గడువు మీరకుండానే మీరు ఒక మనిషి దినభత్యాన్నంతా కరిగించేయగలరు. కరిగించడానికే దాన్ని అమ్ముతున్నారని నేనంటే ఏమంటారు? ఆ 26 రోజులకీ ఉత్తరం మీద సంతకం పెట్టినాయన జీతం పూర్తిగానే పుచ్చుకున్నాడుగా!

హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆంధ్ర, తెలంగాణలతో పాటు మన పక్క యానాం కూడా ఆయన పరిధే. ఫీజు లేదు, ప్లీడరు అక్కర్లేదు; కంపెనీ కాదన్న ఏడాదిలోగా అర్జీ పెట్టుకుంటే చాలు. మేస్టారు వద్దంటున్నారు. "ఆవిడకి తగ్గింది, అదే పదివేలండి, ఇంక ఓపిక లేదు" అంటున్నారు. ఆయన ఓపిక అయిపోతుందని ఆ ఉత్తరం రాసినవాళ్ళకి ముందే తెలుసు. అందుకని అర్జీ నేనే రాశాను. ఆసుపత్రి చీటీలు, కారు కట్టించుకున్న రసీదులు తేదీలవారీగా జతచేశాను. రేపు పొద్దున్న వెళ్ళి దగ్గరుండి సంతకం పెట్టిస్తాను. బాకీ 13 రోజులు. వడ్డీతో కట్టండి.