పిట్టల పంతులుగారు

కార్తికమాసము ప్రవేశించి, శ్రీకాకుళపు తీరమందలి ఉద్దానపు జీడితోటలలో మంచు ఇంకను ఆరకమునుపే, మెడలో దుర్భిణియు, చంకలో సలీం అలీ పక్షిశాస్త్రగ్రంథమును, ముఖమున సర్వజ్ఞత్వమును ధరించి డొంకూరు బాటను దర్శనమిచ్చు మహాశయుడే మన పిట్టల పంతులుగారు. ఇట్టివారు ఊరికొకరైనను లేకపోరు.

తీరమున అలవెంట పరుగులెత్తు ఉల్లంకులయందు గాని, తేలినీలాపురమునకు వలసవచ్చు గూడబాతులయందు గాని ఆయనకు గౌరవము లేదు. పశులకాపరి సైతము గుర్తింపగల పక్షిని గుర్తించుట పాండిత్యమెట్లగును? ఆయన ప్రతిభకు తగినది గ్రీనిష్ వార్బ్లరు. హిమాలయారణ్యములలో వేసవి గడపి, శరత్తున దక్షిణమునకు దిగివచ్చు ఈ పిట్ట బరువు ఇంచుమించు 8 గ్రాములు; వెన్ను ఆకురంగు, కంటిపై తెల్లని గీత, రెక్కపై సన్నని పట్టీ. ఆ పట్టీయు కాలక్రమమున అరిగి మాయమగుట కద్దు. దీని జ్ఞాతియగు లార్జ్‌బిల్డ్ లీఫ్ వార్బ్లరు రూపమునను ఇంచుమించు ఇట్టిదే. పురుగులకై ఆకునుండి ఆకునకు దుముకుచు క్షణమైనను నిలువని ఇట్టి ప్రాణిని, కొమ్మ కదలినంతనే, తోకయైనను కానరాకమునుపే, లాటిను నామముతో సహా ప్రకటించుట పంతులుగారి విద్య. “ముక్కు చూచితిరా అండీ?” యని శిష్యుడెవడైన నడిగినచో, “నాయనా, చూచి చెప్పువాడు విద్యార్థి, చూడకయే చెప్పువాడు పండితుడు” అని సెలవిచ్చెదరు.

నిజమునకు ఈ వార్బ్లరు తెగ పిట్టలను వేరుపరచుటకు కంటికన్న చెవియే ప్రమాణము. 1768లోనే గిల్బర్ట్ వైట్ అను ఆంగ్ల మతాచార్యుడు, చూపునకు ఒక్కతీరుగనున్న మూడు పిట్టలను పాటలను బట్టి మూడు జాతులుగా నిర్ణయించెను. మన గ్రీనిష్ వార్బ్లరు శీతకాలమునను ఊరకుండక, రెండక్షరముల పదునైన కూతను మాటిమాటికి విసరును. జ్ఞాతి కూత ఈలవలె పైకి లేచును. అయినను, వినుటకు పంతులుగారికి తీరిక యేది?

ఒకనాడు ఆయన చెట్టుక్రింద నిలిచి, వైట్ మహాశయుని శ్రవణశక్తిని గూర్చియే సుదీర్ఘముగా ఉపన్యసించుచుండగా, జీడాకులు ఊడ్చుచున్న వృద్ధురాలు చీపురాపి, “బాబూ, మీరొచ్చినకాడ్నించి ఆ పిట్ట మీ నెత్తిమీదే కూత్తంది. ఓపాలి నోరు మూసుకుని ఇనండి” అనెను. పంతులుగారు తల యెత్తకయే, “అమ్మా, ప్రసంగమధ్యమున అరచునది ఉత్తమజాతి పక్షి కానేరదు” అని తీర్పు చెప్పి, ఉపన్యాసము కొనసాగించిరి.

కావున పాఠకులారా, ఈ పిట్టను గుర్తింపగోరువారు దుర్భిణి లేకున్నను తోటకు పోవచ్చును. పంతులుగారు వెంటనున్నచో మాత్రము పోయి ప్రయోజనము లేదు.