కుంచెయు పింఛనును

(రాజమహేంద్రవరమున గోదావరిగట్టునకు అనతిదూరమునందలి యొక ఇంటి అరుగు. పడకకుర్చీలో విశ్రాంత తహసీలుదారు. ఎదుట చాపపై, పగలెల్ల తాలూకా కచేరీలో దస్త్రములు తిరుగవేసి, ప్రొద్దుగ్రుంకిన పిదప లాంతరు వెలుతురున బొమ్మలు వ్రాయుచు, ఎట్టకేలకు రాజీనామా పత్రమును జేబునందుంచుకొని వచ్చిన అల్లుడు.)

మామగారు: నాయనా, చిత్రలేఖనమును నేను నిందించుట లేదు, మా ఇంట రవివర్మ పటములు నాలుగున్నవి. అయినను, ప్రతినెల మొదటి తేదీని సర్కారువారు చేతిలో పెట్టు జీతమును విడిచి, ఎవరు ఎప్పుడు కొందురో దైవమునకైనను తెలియని బొమ్మలను నమ్ముకొనువాడవని యెఱిగినచో నా కూతునిచ్చి యుందునా యని, ఇద్దఱు మనుమలు పుట్టిన పిదప, ఇప్పుడు యోచింపవలసి వచ్చుచున్నది.

అల్లుడు: చిత్తము. పారిసు నగరమున రూసో అను సుంకపు గుమాస్తా యొకడుండెను. ఊరిలోనికి వచ్చు సరకులపై పన్ను వసూలు చేయుచు, తీరిక వేళల బొమ్మలు వ్రాసి, 1893లో ఉద్యోగము వదలి, ఫ్రాన్సు పొలిమేర దాటకయే, ఉద్యానవనమునందలి మొక్కలను చూచి మహారణ్యములను చిత్రించెను. విమర్శకులు నవ్విరి, 1908లో పికాసో అంతవాడు ఆయనకు విందు చేసెను.

మామగారు: ఉద్యోగము వదలునాటికి ఆయన వయస్సెంత?

అల్లుడు: (నసుగుచు) 49.

మామగారు: పింఛను కలదా?

అల్లుడు: స్వల్పముగా కలదు. చాలక పిల్లలకు ఫిడేలు నేర్పెడివాడు.

మామగారు: చూచితివా! నీవును పింఛను పుచ్చుకొని అరణ్యములు వ్రాయుము. వలసినచో పులిని కూడ వ్రాయుము, అడ్డు చెప్పను.

అల్లుడు: మన దామెర్ల రామారావుగారు ఆ లెక్కనే నమ్ముకొనియుండినచో? ఇచ్చటి కళాశాల ప్రిన్సిపాలు కూల్డ్రే దొరగారి ప్రోత్సాహమున బొంబాయి కేగి చిత్రవిద్య నేర్చివచ్చిన ఆ మహనీయుడు 1925లో, తన 28వ యేట, మశూచికముచే కాలధర్మము నొందెను. పింఛనువఱకు ఆగినచో మనకు దక్కునవి హాజరుపట్టీలోని చేవ్రాళ్లే గదా.

(మామగారు పొడుముడబ్బీ తెఱచి మూసిరి, ప్రత్యుత్తరము తోచనప్పుడెల్ల వారు చేయు పని యదియే. ఇంతలో, సన్మానసభల కధ్యక్షత వహించుటయే వ్యసనముగా గల రసజ్ఞశేఖరుడు ప్రవేశించెను.)

రసజ్ఞశేఖరుడు: రామారావుగారి నామము వినబడినది! కన్నీరాగదు. ఏటేట వర్ధంతినాడు ఉపన్యసించువాడను నేనే.

అల్లుడు: ఆయన జీవించియుండగా తమ ఇంట నొక్క పటమైనను కొనిరా?

రసజ్ఞశేఖరుడు: అప్పుడు మా నాయనగారు మేడ కట్టించుచుండిరి, గోడలింకను ఆరలేదు. అది యట్లుండనిమ్ము. ఉద్యోగశృంఖలములను త్రెంచి, సరస్వతీసేవకై దారిద్ర్యమును సైతము స్వయముగా వరింపబోవుచున్నావని విని పులకించితిని. ఈ శుభసమయమున మా నాయనగారి నిలువెత్తు తైలవర్ణచిత్రము నొకటి వ్రాసిపెట్టుము, పురమందిరమున ఆవిష్కరింతము. నీకు కీర్తి, మాకు పితౄణవిముక్తి.

అల్లుడు: ధన్యుడను. రంగులు, గుడ్డ, రెండునెలల శ్రమ కలిసి 300 రూపాయలగును.

రసజ్ఞశేఖరుడు: (చెవులు మూసికొని) శివ శివ! కళకు వెలయా!

మామగారు: (నిటారుగా కూర్చుండి) అయ్యా, తమ మేడను తాపీపనివాడు పుణ్యమునకే కట్టెనా?

రసజ్ఞశేఖరుడు: వాడు కూలివాడు; ఇతడు తపస్వి.

మామగారు: జమాబందికి పోయినప్పుడు నేనును దేశసేవయే చేసితిని గాని, బత్తెము బిల్లు పంపక మానలేదు. నాయనా, చట్రము మఱచితివి. వడ్రంగికి వేఱుగా పడును. 340 అని వ్రాయుము. సగము ముందుగా.

రసజ్ఞశేఖరుడు: (కండువా సవరించుకొని) సభకు వేళయగుచున్నది. (నిష్క్రమించెను.)

మామగారు: ఇట్టివారెందఱు వత్తురు?

అల్లుడు: వారమునకు నలుగురైనను వత్తురు, మామగారూ. ముగ్గురివి వ్రాసి యిచ్చితిని కూడ.

మామగారు: బకాయిలా! ముగ్గురి పేరులును, ఇంటి నంబర్లును చెప్పుము. ఆ రాజీనామా కాగిత మిటు తెమ్ము. నీ ముసాయిదాలో తప్పులుండకపోవు.